సార్ట్ చేస్తే ధరలు ఎటు పోయాయి?

ప్రశ్న: అక్కా, నేను హన్మకొండలో బీకాం కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది నర్సంపేట దగ్గర పల్లె. మా బాపు మిర్చి వేస్తాడు, ఏటా ఎనుమాముల మార్కెట్‌కే తోలుకొస్తాడు. ఈసారి ఆ ధరలను దాచిపెట్టే చిన్న ప్రోగ్రాం పైథాన్‌లో రాద్దామని కూర్చున్నాను. ధరలు ఒక లిస్టులో, రకాల పేర్లు ఇంకో లిస్టులో పెట్టాను. అసలు వరుస పోకుండా ముందు ‘పాతవి = ధరలు’ అని రాసుకున్నాను. తర్వాత ‘ధరలు = ధరలు.సార్ట్()’ అన్నాను. ప్రింట్ చేస్తే ధరల బదులు ‘నన్’ అని వచ్చింది. పాతవి చూస్తే అవీ మారిపోయి ఉన్నాయి, పైగా 9800 పోయి 14500 తర్వాత కూర్చుంది! పోనీ అందులోంచి తాలు (నాసి కాయ) ధరలైనా తీసేద్దామని లూప్ పెడితే ఒకటి పోయింది, ఒకటి మిగిలింది. లిస్టుకు 11 మెథడ్లు (పేరు పక్కన చుక్క పెట్టి చేయించే పనులు) ఉన్నాయి, అన్నీ బట్టీ పట్టమని మా క్లాసులో ఒకడు చెప్పాడు. పట్టాను కూడా. అయినా ఇదే గతి. కోడ్‌నూ, తెర ఫోటోనూ దీంతో పంపుతున్నాను. పరీక్షలంటే టెన్షన్‌గా ఉంది. నాకు ఇది రాదా అక్కా?
– ఒక విద్యార్థి

జవాబు: తమ్ముడూ, నీకు రాదని చెప్పడానికి నీ ఉత్తరంలో నాకు ఒక్క ఆధారమూ దొరకలేదు. నాలుగు తప్పులు చేశావు. నాలుగూ పైథాన్ నేర్చుకునే ప్రతివాళ్ళూ చేసేవే. కాకపోతే నువ్వు నాలుగింటినీ ఒకే సాయంత్రం చేశావు. అందుకే అంత గందరగోళంగా కనిపించింది.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఇక్కడ కోడ్ అంతా తెలుగు లిపిలోనే రాస్తున్నాను. నీ కంప్యూటర్లో అపెండ్, సార్ట్, ప్రింట్ లాంటి పైథాన్ సొంత మాటలను ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి (ట్రూ, ఫాల్స్, నన్ అనే మూడింటికి మాత్రం మొదటి అక్షరం పెద్దది). ‘ధరలు’, ‘పాతవి’ లాంటి మనం పెట్టే పేర్లు మాత్రం తెలుగులో ఉన్నా పైథాన్ 3కి అభ్యంతరం లేదు. నువ్వు అలాగే పెట్టావు, బాగుంది.

ముందు ఆ ‘నన్’ సంగతి చూద్దాం. మార్కెట్ యార్డులో బస్తాలు అడ్డదిడ్డంగా పడి ఉంటే హమాలీని పిలిచి సర్దమన్నావనుకో. అతను సర్దేసి వెళ్ళిపోతాడు. కొత్త బస్తాలేవీ తెచ్చి నీ చేతిలో పెట్టడు. బస్తాలు ఉన్నచోటే ఉన్నాయి, వరుస మారిందంతే. సార్ట్ చేసే పని కూడా అదే. ఉన్న లిస్టునే సర్దుతుంది. నీకు తిరిగి ఇచ్చేది ‘నన్’, అంటే ఏమీ లేదని. ‘ధరలు = ధరలు.సార్ట్()’ అని రాయడమంటే ఖాళీ చేతులతో వచ్చిన హమాలీకి ‘ధరలు’ అని పేరు పెట్టడమే. సర్దిన లిస్టు ఎక్కడికీ పోలేదు. దాని మీదున్న ఆ పేరును నువ్వే పీకేసి ‘నన్’కు తగిలించావు.

పైథాన్ తయారుచేసిన వాళ్ళు ఇది కావాలనే ఇలా పెట్టారు. సార్ట్ అసలు లిస్టునే మార్చేస్తుందన్న సంగతి రాసేవాడికి గుర్తుండాలని సర్దిన లిస్టును తిరిగి ఇవ్వదు. పైథాన్ డాక్యుమెంటేషన్‌లోనే ఆ మాట ఉంది. గుర్తుచేసే పద్ధతి కొంచెం మొరటుదే, ఒప్పుకుంటాను.

కాబట్టి 11 మెథడ్లను బట్టీ పట్టడం కన్నా ప్రతిదాన్నీ ఒక ప్రశ్న అడుగు: నువ్వు ఈ లిస్టునే మారుస్తావా, మార్చకుండా జవాబు చెప్తావా? అపెండ్, ఎక్స్‌టెండ్, ఇన్సర్ట్, రిమూవ్, పాప్, క్లియర్, సార్ట్, రివర్స్, ఈ ఎనిమిదీ ఉన్న లిస్టు మీదే చెయ్యి వేస్తాయి. ఇండెక్స్, కౌంట్, కాపీ అనే మూడూ లిస్టును ముట్టుకోవు. ఆ ఎనిమిదిలో పాప్ ఒక్కటే తీసిన వస్తువును నీ చేతికిస్తుంది. మిగతా ఏడూ ఇచ్చేది ‘నన్’. అంటే ఆ ఏడింట్లో దేన్ని వాడినా ఎడమవైపు ‘ధరలు =’ అని రాస్తే లిస్టు చేజారినట్టే. ‘ధరలు = ధరలు.అపెండ్(12800)’ అని రాసేవాళ్ళను ఎంతమందిని చూశానో.

సర్దిన వరుస కావాలి, అసలు వరుసా ఉండాలంటే సార్టెడ్ అనే ఫంక్షన్ ఉంది. అది చుక్క పెట్టి పిలిచే మెథడ్ కాదు, లిస్టును బ్రాకెట్లో ఇవ్వాలి:

వరుస = సార్టెడ్(ధరలు)

ఇప్పుడు ‘వరుస’ వేరే లిస్టు. ‘ధరలు’ ఎక్కడిదక్కడే ఉంటుంది. నీ ప్రోగ్రాంకు ఇదే కావాలి, ఎందుకంటే నీ లిస్టులో వరుసకు కూడా ఒక అర్థం ఉంది. పొద్దున తొలి వేలంలో పడే జెండా పాట ధరను నువ్వు మొదట ఎక్కిస్తున్నావని కోడ్ చూస్తే తెలుస్తోంది. ధరలు[0] అంటే జెండా పాట. లిస్టునే సార్ట్ చేస్తే ఆ సున్నా స్థానంలోకి ఏ తాలు ధరో వచ్చి కూర్చుంటుంది. సాయంత్రం బాపు ‘జెండా పాట ఎంతరా’ అంటే నువ్వు తాలు ధర చెప్తావు.

ఇక ‘పాతవి = ధరలు’. మన ఇళ్ళలో పిల్లలకు రెండేసి పేర్లు ఉంటాయి కదా, ఇంట్లో బుజ్జి, బడి రిజిస్టర్లో ఇంకోటి. వేములవాడ తీసుకెళ్ళి బుజ్జికి గుండు చేయిస్తే రిజిస్టర్లో పేరున్న పిల్లాడికి జుట్టు మిగులుతుందా? ఉన్నది ఒక్క పిల్లాడే. పైథాన్‌లో ‘=’ గుర్తు కాపీ తీయదు, ఉన్న లిస్టుకే ఇంకో పేరు పెడుతుంది. ‘ధరలు’ అని పిలిచి సార్ట్ చేసినా, ‘పాతవి’ అని పిలిచి చేసినా సర్దుకునేది అదే లిస్టు. నిజంగా రెండో లిస్టు కావాలంటే ఇలా రాయి:

పాతవి = ధరలు.కాపీ()

లేదా ‘పాతవి = ధరలు[:]’ అన్నా అంతే. రెండు పేర్లూ ఒకే లిస్టువా కాదా అని అనుమానం వస్తే ‘పాతవి ఈజ్ ధరలు’ అని అడుగు. ట్రూ అంటే ఒక్కటే, ఫాల్స్ అంటే వేరు. రెండు ‘=’ గుర్తులు పెట్టి అడిగితే మాత్రం వేరు లిస్టులైనా లోపలి విలువలు సమానంగా ఉంటే ట్రూ అనే వస్తుంది. అది కవలలను చూసి ఒక్కరే అనుకోవడం లాంటిది. ఇంకొకటి, లిస్టులో మళ్ళీ లిస్టులు ఉంటే కాపీ పై పొరనే తీస్తుంది, లోపలి లిస్టులు ఉమ్మడిగానే ఉంటాయి. నీకు ఇప్పుడప్పుడే ఆ అవసరం రాదు, విని వదిలేయి.

9800 ఎందుకు 14500 తర్వాత వచ్చింది? నువ్వు ధరలను ఇన్‌పుట్‌తో తీసుకున్నావు. కీబోర్డు మీద అంకెలే నొక్కినా ఇన్‌పుట్ ఇచ్చేది అక్షరాల మాట, సంఖ్య కాదు. మాటలను పైథాన్ నిఘంటువులో లాగా మొదటి అక్షరం నుంచి పోలుస్తుంది. 9 కన్నా 1 ముందు, కాబట్టి "14500" ముందు, "9800" వెనక. తీసుకునేటప్పుడే సంఖ్యగా మార్చుకుంటే ఈ గొడవ ఉండదు:

ధరలు.అపెండ్(ఇంట్(ఇన్‌పుట్()))

లూప్‌లో 10000తో పోల్చేటప్పుడు నువ్వు ఇంట్ వాడావు, సంతోషం. కానీ ఆ మార్పిడి గేటు దగ్గరే జరగాలి, బస్తాలు లోపలికి వచ్చాక కాదు. కామాలతో కూడా జాగ్రత్త. మనకు 14,500 అని రాయడం అలవాటు. ఇన్‌పుట్‌లో కామాతో కొడితే ఇంట్ ఒప్పుకోక ఎర్రర్ ఇస్తుంది, అది నయం. కోడ్‌లోనే [14,500] అని రాస్తే ఎర్రర్ కూడా రాదు, 14 ఒకటి, 500 ఒకటి అని రెండు ధరలు నిశ్శబ్దంగా లిస్టులో చేరిపోతాయి. చూడ్డానికి విడిగా ఉండాలంటే 14_500 అని అండర్‌స్కోర్ పెట్టుకోవచ్చు, పైథాన్ 3.6 నుంచి అది చెల్లుతుంది.

తాలు దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికన్నా నచ్చిన తప్పు ఇది, ఎందుకంటే చూడ్డానికి కోడ్ పూర్తిగా సరిగ్గా ఉంటుంది. నువ్వు లూప్ నడిపేసరికి పాతవి ఇలా ఉంది:

["13200", "14500", "9600", "9800"]

ఫర్ లూప్ ధరలను గుర్తుపెట్టుకోదు, స్థానాన్నే గుర్తుపెట్టుకుంటుంది. సున్నా స్థానం చూసింది, బాగుంది. ఒకటి చూసింది, బాగుంది. రెండో స్థానంలో "9600" దొరికింది, రిమూవ్ చేశావు. చేయగానే ఏమైంది? క్యూలో ఒకరు తప్పుకుంటే వెనకున్నవాళ్ళు ముందుకు జరిగినట్టు, "9800" రెండో స్థానంలోకి జరిగింది. లూప్‌కు అదేం తెలియదు. రెండు అయిపోయింది, ఇక మూడు అనుకుంటూ వెళ్ళింది. మూడో స్థానంలో ఎవరూ లేరు, ఆగిపోయింది. "9800"ను అసలు చూడనే లేదు. రెండు తాలు ధరలు పక్కపక్కన ఉన్నాయి కాబట్టి ఒకటి తప్పించుకుంది. మధ్యలో మంచి ధర ఉండి ఉంటే రెండూ పోయేవి, నీ ప్రోగ్రాం సరైనదే అని నువ్వు నమ్మేసేవాడివి. నేను భయపడేది ఆ రకం తప్పుకే.

తాలు ఏరేటప్పుడు మన ఇళ్ళలో ఏం చేస్తారు? కుప్పలోంచి తాలు తీస్తూ, మిగిలింది మళ్ళీ అదే కుప్పలో కలపరు కదా. మంచి కాయ వేరే పట్టా మీద వేస్తారు. కోడ్‌లో కూడా అంతే. మంచివాటికి కొత్త లిస్టు:

మంచివి = [ధర ఫర్ ధర ఇన్ ధరలు ఇఫ్ ధర >= 10000]

దీన్ని లిస్ట్ కాంప్రహెన్షన్ అంటారు. పేరు చూసి భయపడకు. ‘ధరలు’లో ఒక్కో ధరనూ తీసుకుని, అది 10000 లేదా అంతకన్నా ఎక్కువైతే కొత్త లిస్టులో వెయ్యి అని అర్థం. ఇది రాయడం ఇబ్బందిగా ఉంటే ఖాళీ లిస్టు పెట్టి, మామూలు లూప్‌లో అపెండ్ చేసుకో. పరీక్షలో అది రాసినా తప్పు కాదు. నడుస్తున్న లూప్ కిందున్న లిస్టునే కత్తిరించకపోతే చాలు.

రిమూవ్ విషయంలో మరొకటి. అది విలువను చూసి తీస్తుంది, అదీ మొదట కనబడ్డ ఒక్కదాన్నే. రెండు లాట్లకు 9800 పడితే ఒకటే పోతుంది. అసలు లేని విలువ ఇస్తే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. పాప్ అయితే స్థానం చూసి తీస్తుంది. ఏమీ చెప్పకపోతే చివరిది.

ఇప్పుడు నువ్వు అడగనిది. ధరలు ఒక లిస్టు, రకాల పేర్లు ఇంకో లిస్టు అన్నావు చూడు, నీ నాలుగు తప్పుల కన్నా నన్ను భయపెట్టింది ఇదే. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేను ఒక చిన్న ఆఫీసులో ఇలాగే పేర్లు ఒక లిస్టులో, బాకీలు ఒక లిస్టులో పెట్టాను. పేర్లు అక్షరక్రమంలో ఉంటే బాగుంటుందని పేర్ల లిస్టును సార్ట్ చేశాను. బాకీల లిస్టు అలాగే ఉంది. ఎర్రర్ రాలేదు, ప్రింటు చక్కగా వచ్చింది. ఒకరి బాకీ ఇంకొకరి పేరు మీద పడింది. ఫోన్లు చేసిన తర్వాత తెలిసింది. పైసా బాకీ లేని ఒక పెద్దమనిషి ఫోన్‌లో అన్న మాటలు ఇక్కడ రాయలేను.

పైథాన్ దృష్టిలో ఆ రెండు లిస్టులకూ ఏ చుట్టరికమూ లేదు. రెండూ ఒకటే వరుసలో ఉన్నాయన్నది నీ మనసులోని మాట మాత్రమే. అందుకే ధర, రకం కలిపి జతగా ఒకే లిస్టులో పెట్టు:

లాట్లు = [(14500, "తేజ"), (9800, "తేజ తాలు"), (13200, "341"), (9600, "341 తాలు")]

ఇప్పుడు ‘సార్టెడ్(లాట్లు)’ అంటే ముందు ధరను చూసి వరుస పెడుతుంది, పేరు దాని వెంటే వస్తుంది. ఎక్కువ ధర పైన కావాలంటే బ్రాకెట్లో కామా పెట్టి ‘రివర్స్=ట్రూ’ అని చేర్చు. ధరలు మాత్రమే కావాలంటే ‘[లాట్[0] ఫర్ లాట్ ఇన్ లాట్లు]’ అని తీసుకోవచ్చు. వాటి మీద మాక్స్, మిన్, సమ్, లెన్ అన్నీ పనిచేస్తాయి. సమ్‌ను లెన్‌తో భాగిస్తే సగటు. కానీ ఈ సగటు బాపుకు చెప్పకు. తాలునూ మంచి కాయనూ కలిపి తీసిన సగటుతో ఏ రైతూ లెక్క వేసుకోడు.

కొత్త రకాలు చేర్చేటప్పుడు అపెండ్‌కూ ఎక్స్‌టెండ్‌కూ తేడా చూడు. నీ దగ్గర ఇప్పుడున్న ‘రకాలు’ లిస్టుకు దీపికనూ, 2025లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మన వరంగల్ చపాటానూ కలపాలనుకో. ‘రకాలు.అపెండ్(["దీపిక", "చపాటా"])’ అంటే లిస్టు లోపల ఇంకో లిస్టు మూట కట్టి పెట్టినట్టు, పెరిగేది ఒక్కటే. ఎక్స్‌టెండ్ అయితే మూట విప్పి రెండింటినీ విడివిడిగా వేస్తుంది. అయితే ఎక్స్‌టెండ్‌కు లిస్టు బదులు ఒట్టి "తేజ" అని ఇచ్చి చూడు. ‘త’, దాని మీది ఏత్వం, ‘జ’ అని మూడు ముక్కలుగా చేరుతుంది. మనకు అక్షరాలు రెండే, పైథాన్ గుణింతపు గుర్తును కూడా విడిగా లెక్కపెడుతుంది. "మిర్చి" పొడవు లెన్‌తో అడిగితే 6 అంటుంది. తెలుగులో ప్రోగ్రాంలు రాసేవాళ్ళం ఇది తెలుసుకుని ఉండాలి, ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ తిప్పలు ఉండవు.

నీ కోడ్‌లో ఒక చోట ‘ధరలు[4]’ అని రాసి, ఎర్రర్ వస్తే తీసేసినట్టున్నావు. నాలుగు ధరలున్నాయి, నాలుగోది అడిగితే లేదంటుందేమిటి అనుకుని ఉంటావు. కాజీపేట నుంచి బల్లార్షా వైపు వెళ్ళే రైలు తీసుకో:

స్టేషన్లు = ["కాజీపేట", "జమ్మికుంట", "పెద్దపల్లి", "రామగుండం", "మంచిర్యాల", "బెల్లంపల్లి"]

మధ్యలో చిన్న స్టేషన్లు వదిలేశాను. ఇండెక్స్ అంటే ఎన్నో స్టేషన్ అని కాదు, బయల్దేరిన చోటు నుంచి ఎన్ని అడుగులు ముందుకు వేయాలి అని. కాజీపేటలోనే ఉన్నవాడికి సున్నా. జమ్మికుంటకు ఒకటి. ఆరు స్టేషన్లుంటే చివరిదానికి ఐదు. చివరిది కావాలంటే లెక్కపెట్టక్కర్లేదు, స్టేషన్లు[-1] అంటే బెల్లంపల్లి.

ముక్క కోయాలంటే ‘స్టేషన్లు[1:4]’. జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం వస్తాయి, మంచిర్యాల రాదు. ఆ అంకెలు స్టేషన్లవి కాదు, వాటి మధ్య కత్తి పెట్టే చోట్లవి అనుకో. కాజీపేట తర్వాత ఒక కోత, రామగుండం తర్వాత ఒక కోత. నాలుగులోంచి ఒకటి తీస్తే మూడు, వచ్చినవీ మూడే. ముక్క కోయడంలో హద్దు దాటినా పైథాన్ అరవదు. స్టేషన్లు[4:50] అన్నా ఉన్న రెండింటినీ ఇచ్చి ఊరుకుంటుంది. ఒక్క వస్తువును అడిగితేనే ‘లిస్ట్ ఇండెక్స్ అవుట్ ఆఫ్ రేంజ్’ అని నిలదీస్తుంది. కోసిన ముక్క ఎప్పుడూ కొత్త లిస్టే, అసలుది తెగదు. ‘ధరలు[:]’ కాపీ ఎలా అవుతుందో ఇప్పుడు తెలిసిందనుకుంటాను. మొదటి నుంచి చివరి దాకా కోసిన ముక్క అది.

పరీక్షలకు ఎలా చదవాలని నన్ను అడిగితే, పుస్తకం పక్కన పెట్టి పైథాన్ ప్రాంప్ట్ తెరువు. మూడు ధరలతో లిస్టు పెట్టు. ఒక మెథడ్ కొట్టే ముందు రెండు విషయాలు కాగితం మీద రాయి: ఈ లైను ఏం తిరిగి ఇస్తుంది, లిస్టు ఎలా మారుతుంది. ఆ తర్వాత ఎంటర్ నొక్కు. నువ్వు రాసిందీ తెర మీద వచ్చిందీ తేడా పడిన చోటే ఆగి చూడు. 11 మెథడ్లకు గంట పడుతుంది.

ఈ రాత్రికి మాత్రం నీ ప్రోగ్రాంలో మూడు మార్పులు చెయ్యి. ఇన్‌పుట్ చుట్టూ ఇంట్, రెండు లిస్టుల బదులు ‘లాట్లు’, సార్ట్ ఉన్న లైను బదులు ‘వరుస = సార్టెడ్(లాట్లు)’. ‘పాతవి’ ఇక అక్కర్లేదు, ఆ లైను కొట్టెయ్యి. ఇంకా ‘నన్’ కనిపిస్తే ఈసారి తెర ఫోటో పంపకు, మసకగా ఉండి అంకెలు కనబడలేదు. ఆ లైనూ, దాని పైలైనూ టైపు చేసి పంపు.